నీడలు పట్టినవాడు: ఎడ్వర్డ్ కర్టిస్

ఫోటోలు తీయువానికి మన భాషలో ఛాయాగ్రాహకుడని పేరు. ఛాయను గ్రహించువాడు, అనగా నీడను పట్టువాడు అని అర్థము. ఈ మాటను కూర్చిన మన పండితులకు అమెరికా ఆదివాసుల ముచ్చట తెలిసి ఉండనక్కరలేదు. కాని వింత యేమనగా, ఆ ఖండపు పశ్చిమ భాగములో ఎనభైకి పైగా జాతుల నడుమ ముప్పది యేండ్లు తిరిగిన ఒక ఫోటోగ్రాఫరుకు అక్కడివారు పెట్టినారని చెప్పుకొను పేరు కూడ సరిగా ఇదే: నీడలు పట్టువాడు. ఆయన ఎడ్వర్డ్ షెరిఫ్ కర్టిస్. బడిలో ఆరవ తరగతి దాటనివాడు. ఫోటోగ్రఫీని ఏ కళాశాలలోను నేర్వనివాడు. ఇరువది సంపుటముల మహాగ్రంథమును, ఒక చలనచిత్రమును, నలువది వేల ఫోటోలను, మైనపు గొట్టములమీద ఎక్కించిన వేలకొలది పాటలను లోకమునకు ఇచ్చి, 1952లో లాస్ ఏంజిలిస్ నగరములో తన 84వ యేట దాదాపు ఎవరికీ జ్ఞాపకము లేనివాడై మరణించినాడు. నేడు ఆయన తీసిన ముఖములు ప్రపంచమంతట ప్రసిద్ధము. ఆ ముఖములలో ఎంత నిజము, ఎంత కల్పన అను వివాదము మాత్రము ఇంకను తీరలేదు.

కర్టిస్ 1868లో విస్కాన్సిన్ రాష్ట్రములో ఒక పేదకుటుంబమున జన్మించినాడు. తండ్రి అమెరికా అంతర్యుద్ధములో పాల్గొని ఆరోగ్యము చెడి తిరిగివచ్చినవాడు. ఆ తరువాత ఊరూర తిరిగి మతబోధ చేసినవాడు. ఆయన యుద్ధమునుండి తెచ్చిన వస్తువులలో ఒక కెమెరా కటకమున్నది. కుర్రవాడు దానిని చెక్కపెట్టెకు బిగించి, పుస్తకము చూచుకొనుచు, తన కెమెరాను తానే తయారు చేసుకొన్నాడు. పదునేడవ యేట సెయింట్ పాల్ నగరములో ఒక ఫోటోగ్రాఫరు వద్ద కొంతకాలము పనికి కుదిరినాడు. 1887లో తండ్రితో కలిసి పసిఫిక్ తీరమునకు, నేటి వాషింగ్టన్ రాష్ట్రమునకు వలసపోయినాడు. మరుసటి యేడే తండ్రి పోయినాడు. సంసారభారము యువకుని తలమీద పడినది. కొన్నాళ్ళకు 150 డాలర్లు పెట్టి సియాటిల్ పట్టణములో ఒక ఫోటో స్టూడియోలో భాగస్వామిగా చేరినాడు. అయిదారు సంవత్సరములు గడువక మునుపే ఆ ఊరి ధనికులందరు కర్టిస్ వద్ద తమ ముఖచిత్రములు తీయించుకొనుట ఘనతగా భావింపసాగినారు.

ఇంతవరకు ఇది కష్టపడి పైకివచ్చిన ఒక వృత్తికళాకారుని కథ. దానిని మలుపు త్రిప్పినది ఒక ముసలమ్మ. ఆ పట్టణమునకు సియాటిల్ అను పేరు అక్కడి ఆదివాసి నాయకునినుండి వచ్చినది. ఆయన 1855లో ప్రభుత్వముతో సంధి చేసుకొని భూమిని వదులుకొన్నాడు. పదేండ్లకు, 1865లో, ఆయన పేరు పెట్టుకొన్న ఊరే ఆదివాసులు ఊరిలో నివసింపరాదని శాసనము చేసినది. ఆ నాయకుని కుమార్తె, తెల్లవారు ఏంజిలీన్ రాకుమారి అని పిలిచిన వృద్ధురాలు, శాసనమును లెక్కచేయక సముద్రపుటొడ్డున ఒక గుడిసెలో ఉండిపోయినది. బురదలో ఆలుచిప్పలు త్రవ్వి అమ్ముకొని బ్రదికినది. 1890ల నడుమ కర్టిస్ ఆమెను తీసిన ఒక్కొక్క ఫోటోకు ఒక్కొక్క డాలరు చేతిలో పెట్టినాడు. చిప్పలు త్రవ్వుటకంటె ఇదియే మేలని ఆమె సంతోషించినదని ఆయనయే చెప్పినాడు. 1896లో ఆమె గతించినది. తండ్రి పేరు ఊరికి మిగిలినది. కూతురు ముఖము కర్టిస్ ఫోటోలో మిగిలినది.

1898లో రెయినియర్ పర్వతముమీద దారి తప్పిన కొందరు పెద్దమనుష్యులు కర్టిస్‌కు ఎదురుపడినారు. వారిలో ప్రకృతిశాస్త్రవేత్త హార్ట్ మెరియమ్, ఆదివాసుల జీవితమును బాగుగా ఎరిగిన జార్జి బర్డ్ గ్రిన్నెల్ ఉన్నారు. ఈ పరిచయమువలన మరుసటి యేడు హారిమన్ అను రైల్వే కోటీశ్వరుడు సాగించిన అలాస్కా శాస్త్రయాత్రకు కర్టిస్ ఫోటోగ్రాఫరుగా నియమితుడైనాడు. ఆ ఓడమీద కలిసిన పండితుల సాంగత్యమే ఆయనకు విశ్వవిద్యాలయము. 1900లో గ్రిన్నెల్ ఆయనను మోంటానా రాష్ట్రమునకు, పీగన్ జాతివారి సూర్యనృత్యము చూచుటకు వెంటబెట్టుకొని పోయినాడు. మైదానమునిండ గుడారములు, దూరమునుండి బండ్లమీద, గుఱ్ఱములమీద వచ్చిన జనము, రోజులకొలది సాగు ఉపవాసవ్రతము: ఆ దృశ్యము చూచిన పిమ్మట కర్టిస్ మనస్సు స్టూడియోలో నిలువలేదు.

ఆ కాలపు పరిస్థితిని కొంచెము చెప్పవలె. 1900 జనాభాలెక్కలలో అమెరికా సంయుక్తరాష్ట్రముల ఆదివాసుల సంఖ్య సుమారు 2,37,000. యుద్ధములు, మశూచి, ఆకలి, వలస ఆ జాతులను అంతగా క్షీణింపజేసినవి. సూర్యనృత్యమువంటి వ్రతములను 1883నుండి ప్రభుత్వ నిబంధనలు నిషేధించినవి. పిల్లలను దూరపు వసతిపాఠశాలలకు పంపి, జుట్టు కత్తిరించి, తల్లిభాష మాట్లాడరాదని శిక్షించినారు. ఈ జాతులు ఇక కొద్దికాలములో నశించునని చదువుకొన్న తెల్లవారందరు నమ్మినారు. కర్టిస్ కూడ నమ్మినాడు. 1904లో ఆయన తీసిన ఒక ప్రసిద్ధచిత్రములో నవాహో రౌతులు వరుసగా చీకటివైపు సాగిపోవుచుందురు. దానికి ఆయన పెట్టిన పేరు ‘అంతరించు జాతి’. ఆయన ఉత్సాహమునకు మూలము ఈ నమ్మకమే. ఆయన దోషములకు మూలమును ఈ నమ్మకమే.

చావకముందే అంతయు వ్రాసి ఉంచవలెనన్నది సంకల్పము. దానికి ధనము కావలె. 1904లో అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ పిల్లలను ఫోటో తీయు అవకాశము దొరికి, కర్టిస్‌కు ఆయన స్నేహము లభించినది. 1906లో న్యూయార్కు బ్యాంకరు జె. పి. మోర్గన్‌ను దర్శించినాడు. ఆయన మొదట కుదరదన్నాడట. కర్టిస్ మాటాడక ఫోటోలను ఒక్కొక్కటే బల్లమీద పరచినాడట. చివరకు ఏడాదికి 15,000 చొప్పున అయిదేండ్లకు 75,000 డాలర్లు ఇచ్చుటకు మోర్గన్ ఒప్పుకొన్నాడు. ఇరువది సంపుటములు, వానితో ఇరువది పెద్దచిత్రముల సంచికలు, 500 ప్రతులు అచ్చువేయవలెనని ఒప్పందము. ఒక్కొక్క పూర్తిప్రతి వెల 3,000 డాలర్లు. ఆ ధనమంతయు క్షేత్రపు పనికే. కర్టిస్‌కు జీతము లేదు. గ్రంథములను అమ్ముకొను బాధ్యత ఆయనదే. ఇచటనే ఆయన జీవితము చిక్కుపడినది. వేసవిలో ఎడారులు, శీతకాలములో ధనికుల గుమ్మములు: పాతికేండ్లు ఇదే తిరుగుడు.

గ్రంథము పేరు ‘ఉత్తర అమెరికా ఇండియను’. మొదటి సంపుటము రూజ్వెల్ట్ పీఠికతో 1907లో వెలువడినది. ఇది ఒక్కని పని కాదు. వచనములో అధికభాగమును సిద్ధము చేసినవాడు విలియమ్ మైయర్స్ అను పూర్వపు పత్రికావిలేఖరి. ఎరుగని భాషలోని మాటను చెవినబడినట్లే సంకేతలిపిలో వ్రాసికొను నేర్పు ఆయనది. భాషాపరిష్కర్త ఫ్రెడరిక్ హాడ్జ్. క్రో జాతికి చెందిన అలెగ్జాండర్ అప్‌షా దుబాసి. అతడు ప్రభుత్వ వసతిపాఠశాలలో చదివి, తిరిగి తనవారి చెంతకు వచ్చిన యువకుడు. ఇట్టివారు లేనిదే కర్టిస్ ఏ గుడారములోను అడుగుపెట్టలేక పోవును. అట్టపై పేరు మాత్రము ఒక్కనిదే.

రేడియోలో పనిచేయు మాకు ఈ పనిలో విశేషముగా తోచునది శబ్దభాగము. వారి బండిలో కెమెరాతోపాటు ఎడిసన్ ఫోనోగ్రాఫు ఉన్నది. పాడువాడు పెద్ద బూరమూతిలో పాడవలె. ఆ గాలికదలికకు లోపలి పలుచని పొర అదరును. పొరకు తగిలించిన సూది, తిరుగుచున్న మైనపు గొట్టముమీద గాడి త్రవ్వును. విద్యుత్తు లేదు, మైకు లేదు. రెండు మూడు నిమిషములలో గొట్టము నిండును. తిరిగి వినిపించిన ప్రతిసారి గాడి కొంత అరుగును. అనగా వినుటయే దానిని చెరుపుట. ఇట్లు పదివేల పాటలు ఎక్కించినారని చెప్పుదురు. అందు నేడు ఇండియానా విశ్వవిద్యాలయ భాండాగారములో నిలిచి ఉన్నవి కొన్ని వందలు మాత్రమే. ఫోటో మరల అచ్చు వేయవచ్చును. కరగిన మైనమునుండి కంఠమును మరల తీయలేము.

సత్యమును గూర్చిన పరీక్ష కర్టిస్‌కు 1907లోనే ఎదురైనది. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధములో సేనాని కస్టర్ తన దండుతో సహా హతుడైనాడు. అమెరికా ప్రజలకు ఆయన వీరపురుషుడు. ఆ నాడు ఆయనకు దారి చూపిన క్రో జాతి వేగులు ముగ్గురు ఇంకను జీవించి ఉన్నారు. కర్టిస్ వారిని వెంటబెట్టుకొని, అప్‌షా మాట మార్చి చెప్పుచుండగా, యుద్ధభూమిని అడుగడుగున నడచినాడు. దిగువ లోయలో తన తోటి సేనాధికారి రీనో దండు చిక్కుకొని పోరాడుచుండగా కస్టర్ గుట్టమీదనుండి చూచుచు సాయము పోలేదని వారు చెప్పినారు. ఈ వాఙ్మూలమును అచ్చువేయుట మంచిది కాదని రూజ్వెల్ట్ సలహా ఇచ్చినాడు. 1908లో వెలువడిన మూడవ సంపుటములో ఆ మాట లేదు. ఆదివాసుల నోటిమాటను భద్రపరచుటకే పూనుకొన్న గ్రంథము, ఆ నోటిమాట ప్రభువులకు కష్టము కలిగించిన చోట మౌనము వహించినది.

ఇక చలనచిత్రము. గ్రంథపు అప్పులు తీర్చుటకు సినిమా ఉపకరించునని కర్టిస్ ఆశపడినాడు. 1904లోనే నవాహో నృత్యమును కదలు బొమ్మగా తీసినవాడు గనుక ఆ పనియు కొంత తెలియును. కెనడా పశ్చిమతీరములో, వాంకూవర్ ద్వీపపు ఉత్తరభాగమున క్వాక్వకవక్వ్ జాతివారున్నారు; కర్టిస్ కాలములో వారిని క్వాక్యూటల్ అనెడివారు. దేవదారు మ్రానులను తొలిచి పెద్ద పడవలు చేయుటలో, కొయ్యముఖములు చెక్కుటలో వారు గొప్ప నేర్పరులు. వారి నడుమనే పెరిగిన జార్జి హంట్ సాయముతో కర్టిస్ ఒక ప్రేమకథను అల్లి, పాత్రలన్నింటిని ఆ జాతివారి చేతనే ధరింపజేసి, ‘తలలవేటగాండ్ర దేశమున’ అను చిత్రమును తీసినాడు. 1914 డిసెంబరులో న్యూయార్కు, సియాటిల్ నగరములలో వాద్యగోష్ఠితో సహా ప్రదర్శించినారు. ఫ్లాహర్టీ తీసిన సుప్రసిద్ధమైన ‘నానూక్’ చిత్రమునకు ఇది ఎనిమిదేండ్లు ముందుది.

చిత్రములో కల్పన మెండు. అప్పటికే ప్యాంట్లు, చొక్కాలు తొడుగుకొన్న జనులకు దేవదారు నారబట్టలు కట్టించినారు; కత్తిరించిన జుట్టుమీద సవరములు పెట్టించినారు; పూర్వకాలపు ఇండ్ల ముఖభాగములను కొత్తగా నిలిపినారు. తిమింగలముల వేట వారి కులవృత్తి కాకున్నను అదియు చేర్చినారు. కాని మరియొక సంగతి ఉన్నది. ఆ జాతివారి ‘పాట్‌లాచ్’ అను మహోత్సవము, అనగా నృత్యములతో, దానములతో, వంశగౌరవమును నలుగురియెదుట చాటుకొను విందు, 1885నుండి కెనడా చట్టము ప్రకారము నేరము. ఆ నిషేధము 1951వరకు ఉన్నది. 1921లో పాట్‌లాచ్ చేసినందుకు పలువురిని చెరసాలలో పెట్టి, వారి ముఖములను, రాగిపలకలను ప్రభుత్వము లాగుకొన్నది. ఇంటిముందు ఆడిన నేరమగు నృత్యమును కెమెరాముందు మాత్రము నిర్భయముగా ఆడవచ్చును! నటించినవారికి దొరికినది కూలి మాత్రమే కాదని మేమనుకొందుము. పడవముక్కున పక్షిముఖము ధరించి రెక్కలు కొట్టుచు ఆడిన ఆ నర్తకుడు నటించుచున్నాడా, నిషిద్ధమైన తన ధర్మమును నడుపుచున్నాడా? చూచువారు తేల్చుకొనవలసినదే.

సినిమా డబ్బు తేలేదు. 1924లో దాని హక్కులను న్యూయార్కులోని ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాలకు 1,500 డాలర్లకు అమ్మివేసినాడు. మోర్గన్ 1913లో మరణించినాడు. కుమారుడు సాయము కొనసాగించినను అది చాలలేదు. ఇంటిపట్టున ఉండని భర్తతో విసిగిన భార్య విడాకులు కోరినది. 1919లో స్టూడియో ఆమె పరమైనది. కర్టిస్ హాలీవుడ్ చేరి సెసిల్ డిమిల్ తీసిన ‘టెన్ కమాండ్‌మెంట్స్’ చిత్రమునకు కెమెరాపని చేసినాడు. 1927లో, అరువదవ యేట అడుగుపెట్టబోవుచు, కుమార్తెతో అలాస్కా మంచుసముద్రములకు పోయి చివరి ఫోటోలు తీసినాడు. 1930లో ఇరువదవ సంపుటము వెలువడినది. దేశము ఆర్థికమాంద్యములో మునిగియున్నది. మొత్తముమీద అమ్ముడుపోయినవి 300 ప్రతులకు లోపే. 1935లో మోర్గన్ వారు మిగిలిన ప్రతులను, చిత్రములను, రాగి అచ్చుపలకలను బోస్టన్ నగరపు ఒక పుస్తకవ్యాపారికి 1,000 డాలర్లకు ఇచ్చివేసినారు. అవి నేలమాళిగలో పడియుండి 1970లలో మరల వెలుగు చూచినవి.

వెలుగుతోపాటు విమర్శయు వచ్చినది. 1982లో క్రిస్టఫర్ లైమన్ అను పరిశోధకుడు కర్టిస్ చిత్రములు ఎట్లు దిద్దబడినవో నిరూపించుచు ఒక గ్రంథము ప్రకటించినాడు. అందరు చెప్పు ఉదాహరణము ఒకటి ఉన్నది. ఒక పీగన్ గుడారములో తండ్రి, కొడుకు కూర్చున్నారు. వారి నడుమ ఒక అలారం గడియారము. అచ్చయిన చిత్రములో ఆ గడియారము లేదు, గీకివేసినారు. పురాతనుల గుడారములో గడియారమేమి అని కర్టిస్ భావము కావచ్చును. కాని ఆ గడియారము వారిదే. 1910నాటి ఆ తండ్రికొడుకులు 1910లోనే జీవించుచున్నారు. వారిని కాలమునుండి వెలికి తీసినవాడు ఫోటోగ్రాఫరు. ‘అంతరించు జాతి’ అను పేరు పెట్టినవానికి, ఆ జాతి గడియారము చూచుకొని రేపటిపనికి లేచుచున్నదని ఒప్పుకొనుట కష్టమైనది.

ఇట్టి పనులు మన దేశములోను జరిగినవి. కర్టిస్ పుట్టిన 1868లోనే ఆంగ్లప్రభుత్వము ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ అను ఫోటోగ్రంథమును ప్రారంభించి 1875నాటికి ఎనిమిది సంపుటములు వెలువరించినది. మద్రాసులో ఎడ్గార్ థర్‌స్టన్, రంగాచారి సాయముతో దక్షిణదేశపు కులములను గూర్చి 1909లో ఏడు సంపుటములు ప్రకటించినాడు. తెలుగు కులములు, కొండజాతులు అందు పెక్కు కలవు. 1940లలో హైమెండార్ఫ్ అను ఆస్ట్రియా పండితుడు నల్లమల చెంచులతోను, గోదావరి కొండరెడ్లతోను, ఆదిలాబాదు గోండులతోను కలిసి తిరిగి, గ్రంథములు వ్రాసి, ఫోటోలు, చలనచిత్రములు తీసినాడు. ఆ పుటలలోని కొండవాండ్ర చూపును, ఏంజిలీన్ చూపును ప్రక్కప్రక్కన పెట్టిన, ఉభయులును కెమెరా పట్టినవానిని ఒకే ప్రశ్న అడుగుచున్నట్లుండును: మా ముఖము నీకెందుకు?

కర్టిస్‌ను మోసగాడని త్రోసివేయుట సులభము. అది న్యాయము కాదు. డబ్బుకై చేసినాడనుటకు ఆయనకు డబ్బు మిగులలేదు. తక్కువచూపుతో తీసినాడనుటకు ఆ ముఖములే ఒప్పవు. నెజ్ పెర్స్ నాయకుడు జోసెఫ్‌ను మరణమునకు ముందటి యేడు, 1903లో, తీసిన చిత్రములో ఓడిన మనిషి లేడు. ఆయన తప్పిన చోటు వేరు. ఎదుటనున్న మనిషికంటె తన మనస్సులోని బొమ్మను ఎక్కువ నమ్మినాడు.

ఆ బొమ్మ తప్పని తేలినది. 2020 జనాభాలెక్కలలో తాము అమెరికా ఆదివాసులమనియో, ఆ రక్తము తమలో కలదనియో చెప్పుకొన్నవారు 97 లక్షలు. లాగుకొన్న ముఖములలో పెక్కు క్వాక్వకవక్వ్ వారికి తిరిగి చేరినవి. 1980లో అలర్ట్ బే గ్రామమున వానికై ఒక ప్రదర్శనశాల వెలసినది. కర్టిస్ చలనచిత్రమును బిల్ హోమ్, జార్జి క్వింబీ అను ఇద్దరు పరిశోధకులు బాగుచేసి, ఆ జాతివారి పాటలను, మాటలను వారి కంఠములతోనే చేర్చి 1973లో విడుదల చేసినారు. 2008లో మొదటి సంగీతముతో దానిని పునరుద్ధరించి ప్రదర్శించినప్పుడు ఆ జాతి నర్తకులే వేదికనెక్కి ఆడినారు. తెరమీద ఆడినవారి మనుమలు, మునిమనుమలు వారిలో ఉన్నారు. తమ పెద్దలు కట్టిన సవరములను చూచి నవ్వినవారున్నారు. పడవల చెక్కడపు పనిని, అడుగుల వరుసను చూచి నేర్చుకొన్నవారును ఉన్నారు.

గీకివేసిన గడియారము సంగతి మనకెట్లు తెలిసినది? దిద్దకమునుపటి ప్రతిని కర్టిస్ పారవేయలేదు గనుక. ఆ బొమ్మ నిలిచియున్నందువలననే నేడు మనము ఆయనను సరిదిద్దగలుగుచున్నాము. ముఖమునుగాని, పాటనుగాని రేపటివారికి అప్పగించువారు ఈ ఒక్క నియమమును పాటింపవలె: అందము కొరకు ఏమి దిద్దినను, దిద్దని ప్రతిని దాచి ఉంచవలె, దానివెనుక మనిషి పేరు, ఊరు, సంవత్సరము వ్రాయవలె. ఇది భాండాగారములకు మాత్రమే కాదు, తాతముత్తాతల ఫోటోలు గోడకు వ్రేలాడు ప్రతి ఇంటికిని చెల్లును.